ఒంటె వంతు నీళ్ళు

ఏప్రిల్ 7, మంగళవారం

తెల్లవారకముందే ఉక్క. నల్లా 4-50కి వచ్చింది, ధార సన్నం. మోటారు నలభై నిమిషాలు. అపార్ట్‌మెంటు సంపు మూత తీసి జాలీ కడిగాను. వేపాకు, బురద, తెగిన చెప్పు పట్టీ ఒకటి. అది అందులోకి ఎలా పోయిందో.

సాయంత్రం దుకాణం మూసి చిక్కడపల్లి మసీదుకు వెళితే కరీం సాబ్ మెట్ల మీదే పట్టుకున్నాడు. ఆయన ఇంట్లో ఆదివారాలు తెలుగులో జరిగే ఖుర్‌ఆన్ పాఠానికి ఈసారి నేను మాట్లాడాలట. ఇరవై ఆరో తేదీ. "పాత జాతులు తమ ప్రవక్తలకు ఏం జవాబిచ్చినయ్, గదే. పావుగంట చాలు." నాకు రాదన్నాను. "పాతికేండ్ల సంది చదువుతున్నవ్ మస్తాన్ భాయ్. నోరు తెరిస్తే దూది రాలుతదా?"

ముప్పై ఏళ్ళు పరుపులు కుట్టాను. పదిమంది ముందు నిలబడి ఒక్క మాట మాట్లాడింది లేదు. ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో...

ఏప్రిల్ 8, బుధవారం

నల్లా లేని రోజు. అంటే రేకుల షెడ్ల వాళ్ళ రోజు. ఆరింటికి గేటు కుళాయికి బోరు వాల్వు తిప్పాను. పక్క ప్లాటులో కడుతున్న బిల్డింగు కూలీలు, పద్నాలుగు కుటుంబాలు, బిందెల వరుస. ముందు ఎప్పుడూ బాలమ్మే. కోస్గి వైపు మనిషి. వరుసలో తోసుకునేవాళ్ళ మీద అరిచే హక్కు ఆమె ఒక్కదానిదే.

"మస్తానన్నా, మీ గడియారం జర ఉరుకుతుందా ఏంది? గంట గాకముందే నీళ్ళు ఆగిపోతయ్!"

నవ్వొచ్చింది. ఇంకో ఐదు నిమిషాలు వదిలాను.

పోయిన ఎండాకాలం మా సంపు గోడ కూలితే వీళ్ళే దిగి, రెండు రోజులు తవ్వి కట్టారు. అప్పుడు అసోసియేషన్ తరఫున మూర్తి గారు అందరి ముందూ మాట ఇచ్చారు. నల్లా వచ్చే రోజు మాది, రాని రోజు పొద్దున ఒక గంట బోరు నీళ్ళు వాళ్ళవి. కాగితం లేదు. మాటే.

ఏప్రిల్ 10, శుక్రవారం

షెడ్ల రోజు. బోరు మధ్యలో గాలి కక్కింది. గంటకు బదులు నలభై నిమిషాలే. హాస్టలు రమేష్ పై నుంచి చూస్తూ నిలబడ్డాడు. మూడు, నాలుగు అంతస్తులు అతనివే. గ్రూప్స్ పరీక్షలకు చదివే ఆడపిల్లలు నలభై మంది. వాళ్ళకూ నీళ్ళు కావాలి. నిజమే.

జుమా నమాజు తర్వాత దుకాణానికి ఒకాయన పాత దూది పరుపు తెచ్చాడు. విప్పి, ఏకి, మళ్ళీ కుట్టాలి. అలాంటి పని వచ్చి నెల దాటింది. అందరికీ ఫోమే కావాలి ఇప్పుడు.

ఏప్రిల్ 12, ఆదివారం

మీటింగ్, సెల్లారులో. నా చేతిరాత బాగుంటుందని మినిట్స్ పుస్తకం ఎప్పుడూ నాకే ఇస్తారు. నమాజుకు ఎలాగూ లేస్తానని నీళ్ళ పని ఇచ్చినట్టే. "మీరు దేవుడి కోసం లేస్తారు, పనిలో పని మా కోసం ఒక స్విచ్ వేయండి" అన్నారు మూర్తి గారు, పదకొండేళ్ళ క్రితం.

విషయం ఒకటే. బోరు తగ్గింది, బయటివాళ్ళకు నీళ్ళు ఆపాలి.

బాలమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. ర్యాంపు మొదట్లోనే చెప్పులు విడిచి నిలబడింది. "సార్లూ, ఒక్క మాట. మీరు బంద్ పెడితే మావోళ్ళు మేం కడుతున్న బిల్డింగు సెల్లారు గుంత నీళ్ళకు పోతరు. గా గుంతల మోరీ మురికి నీళ్ళు దిగుతున్నయ్, నేను చూసిన. వద్దంటే ఎవడు ఇంటడు? పానాలు పోతయ్ సారూ."

మినిట్స్‌లో రాయనివి ఇక్కడ రాస్తున్నాను. రమేష్: "వీళ్ళొచ్చినంకనే బోరు ఎండింది. అంతకుముందు ఉండెనా గీ లొల్లి?" రెండో అంతస్తు మేడమ్: "నీళ్ళ గురించి నువ్వొచ్చి మాకు చెప్పాలా?" వెనక నుంచి ఎవరో, "లీడరమ్మా, నీ వెనక ఎంతమంది?" అంటే ఇంకెవరో, "ఉన్నారుగా, తట్టలు మోసేవాళ్ళు" అన్నారు. నవ్వులు. మూర్తి గారు మర్యాదగానే చెప్పారు. "అమ్మా, మా బోరు, మా ఇష్టం. మీ మేస్త్రిని అడగండి, ట్యాంకరు తెప్పిస్తాడు." ఐదో ఫ్లాటాయన మొదటినుంచీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని క్రికెట్ చూస్తున్నాడు.

తీర్మానం అయింది. ఎనిమిది సంతకాలు. పుస్తకం నా వరకు వచ్చేసరికి, అందరికీ దాహంగా ఉందని పైకి వెళ్ళి ఫ్రిజ్ నీళ్ళు తెచ్చాను. నేను దిగేసరికి లేచిపోతున్నారు. సంతకం పెట్టలేదు.

అదీ మంచిదే అయింది.

ఏప్రిల్ 13

నల్లా 5-05. మోటారు ముప్పై ఐదు నిమిషాలు. ఎండ మండిపోతోంది.

ఏప్రిల్ 14, మంగళవారం

గేటు కుళాయి వాల్వు పూర్తిగా బిగించాను. పైనున్న చక్రం ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను. మూర్తి గారు ఫోనులో అన్నారు, "మీరే కదండీ చూసేది."

ఆరింటికి వరుస వచ్చింది. బాలమ్మ కుళాయి తిప్పింది. మళ్ళీ తిప్పింది. నన్ను చూసింది. "ఒక్క చెంబు గూడ రాదా అన్నా?"

"మీటింగులో అనుకున్నారమ్మా. నాది కాదు."

ఆమె ఖాళీ బిందె చంకకు ఎత్తుకుంది. నిండు బిందె ఎత్తుకున్నట్టే, అలవాటుగా నడుము వంచి.

ఏప్రిల్ 16, గురువారం

రెండు రోజులుగా పాఠం నోట్సు. తీరిక దొరికినప్పుడల్లా దుకాణంలో రాస్తున్నాను. బాగా వస్తోంది. ప్రవక్తల్ని కాదని నాశనమైన జాతుల్లో ఎవరు ఏమన్నారో వరుసగా. నూహ్ జాతి, ప్రళయంలో మునిగినవాళ్ళు: నీ వెంట నడిచేది మాలోని నీచులే కదా అన్నారు. ఆయన మాట వినపడకుండా చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు, బట్టలు కప్పుకున్నారు. హూద్ జాతి: నీకు తెలివి లేదన్నారు. షుఐబ్ జాతి: మా సొత్తు మా ఇష్టమొచ్చినట్టు వాడుకోవద్దని నీ నమాజు నీకు చెబుతోందా అని ఎకసెక్కం ఆడారు. అందరూ అన్న మాట ఒకటుంది. నువ్వూ మాలాంటి మనిషివే కదా.

రాస్తుంటే కొందరు గుర్తొచ్చారు. కరీం సాబ్ ఇంటికి వచ్చేవాళ్ళలో ఫలానా ఇద్దరు ఇది తప్పక వినాలి. వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పాలనుకున్నాను.

మా ఆవిడ హుసేన్‌బీ అన్నం పెడుతూ, "ఏందయ్యా, నీలో నువ్వే నవ్వుతున్నవ్?"

ఏప్రిల్ 17

నల్లా 4-40. మోటారు నలభై. జుమా. దూది పరుపు ఇచ్చేశాను.

ఏప్రిల్ 18, శనివారం

ఎలా రాయాలి ఇది.

మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేరు. సాలెహ్ ప్రవక్త దగ్గరికి వచ్చాను. సమూద్ జాతి. కథ నాకు కంఠతా వచ్చు, చూడకుండా రాసేద్దాం అనుకున్నాను. రాశాను కూడా: దేవుడు ఒక ఒంటెను పంపాడు. నీళ్ళు వంతులు వేశారు. ఒక రోజు ఒంటెది, ఒక రోజు ఊళ్ళోవాళ్ళది.

పెన్ను అక్కడ ఆగింది.

ఒక రోజు దానిది, ఒక రోజు మాది.

చొక్కా జేబులో వాల్వు చక్రం ఉంది. మంగళవారం నుంచీ అందులోనే. చొక్కా మార్చినప్పుడల్లా తీసి, మళ్ళీ ఈ జేబులో వేసుకుంటున్నాను. ఎందుకో తెలీదు.

పుస్తకం మూశాను. తెరిచాను. అదే ఉంది. పాతికేళ్ళలో ఎన్నిసార్లు చదివి ఉంటాను ఈ సూరా, ఈ అధ్యాయం? ప్రతిసారీ నేను సాలెహ్ గారి పక్కనే నిలబడి చదివాను. నూహ్ గారితో ఓడలో ఉన్నాను. ఒక్కసారి కూడా ఒడ్డున లేను.

ఏప్రిల్ 19, ఆదివారం

నల్లా ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మోటారు వేశాను.

మళ్ళీ చదివాను. ఒక చోట ఉంది: వంతు తప్పి ఒంటెను చంపింది ఒక్కడు. వాళ్ళు తమవాడిని పిలిచారు, వాడు చేతికి తీసుకున్నాడు, కోశాడు. ఇంకో చోట ఆ పనే చెప్పేటప్పుడు మాట మారింది. "వాళ్ళు" కోశారని ఉంది. అందరూ. కోసింది ఒక్కడే, శిక్ష పడింది అందరి మీద.

ఇంకొకటి. సాలెహ్ గారితో వాళ్ళన్నారట, నువ్వూ నీ వాళ్ళూ వచ్చాకే మాకు అరిష్టం పట్టిందని. రమేష్ గొంతు వినపడింది నాకు. అదే మాట. ఇన్ని వేల ఏళ్ళకు, అశోక్‌నగర్ సెల్లారులో, అదే మాట! మూర్తి గారి మాట షుఐబ్ జాతిది. ఇయర్‌ఫోన్లు నూహ్ జాతివి. నేను గురువారం చక్కటి చేతిరాతతో ఇవన్నీ నోట్సులో దించుకున్నాను, ఆ ఆదివారం చెవులారా విన్నవాణ్ణి, ఒక్కటీ తట్టలేదు.

సమూద్ వాళ్ళ పట్టణంలో చెడు చేసే మనుషులు తొమ్మిదిమంది ఉండేవారని ఉంది.

మినిట్స్ పుస్తకం తీశాను. లెక్కపెట్టకూడదనుకుంటూనే. ఎనిమిది. హమ్మయ్య అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. అర నిమిషం కూడా నిలవలేదు. పిలిస్తే వచ్చి, చేతికి తీసుకున్నవాడు ఎవడు?

ప్రవక్తల పరంపర ముగిసింది. బాలమ్మ ప్రవక్త కాదు, నోటితో అనను, మనసులోనూ అనను. చెప్పులు విడిచి ఒక మాట చెప్పడానికి వచ్చిన మనిషి. కానీ మేం ఇచ్చిన జవాబు మాత్రం ఆ జాతులదే.

ఏప్రిల్ 20, సోమవారం

నాలుగున్నరకే దిగాను. చక్రం బిగించి వాల్వు తెరిచాను. ఎవర్నీ అడగలేదు. కుళాయి ధార నేల మీద పడుతోంది. వరుస లేదు. ఆరు దాటినా ఎవరూ రాలేదు. వాళ్ళకు తెలీదు కదా.

షెడ్ల దగ్గరికి నేనే వెళ్ళాను. పక్క ప్లాటులోకి వెళ్ళడం ఇదే మొదటిసారి. నలభై అడుగుల దూరం. బాలమ్మ కోడలు యాదమ్మ ఒక్కతే పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"నీళ్ళు వస్తున్నయమ్మా, బిందెలు తెచ్చుకోండి."

"ఇప్పుడా అన్నా?"

బాలమ్మకు శనివారం నుంచి వాంతులు, విరేచనాలు. నిన్న రాత్రి సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. ఇంకో ముగ్గురికి కూడా పట్టుకుని తగ్గింది. మేస్త్రి ట్యాంకరు వారంలో ఒక్కసారే వచ్చింది. "డబ్బా నీళ్ళు పిల్లలకు వెట్టి ఆమె గుంతవి తాగింది. కాసి తాగు అత్తా అంటే, కట్టెలు బువ్వకే సాలవు అన్నది."

శనివారం. నేను దుకాణంలో పెన్ను పట్టుకుని కూర్చున్న పూట.

ఏప్రిల్ 21, మంగళవారం

నల్లా 5-10. మోటారు వేసి నేరుగా దవాఖానకు.

గుర్తుపట్టలేకపోయాను. వారంలో మనిషి సగమైంది. రెండు చేతులకూ సెలైన్. కిడ్నీలు దెబ్బతిన్నాయట, చూడాలి అంటున్నారు. కళ్ళు తెరిచింది.

ఆమే అడిగింది, "ఇయ్యాల నల్లా రోజు గదా అన్నా. మంచిగొచ్చిందా?"

వచ్చిందన్నాను.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. దుకాణం తెరవలేదు.

ఏప్రిల్ 22, బుధవారం

వాల్వు తెరిచాను. ఈసారి వరుస వచ్చింది. ఎవరూ అరవలేదు, తోసుకోలేదు.

రమేష్ దిగి వచ్చాడు. "మస్తానన్నా, తీర్మానం అయింది గదా? నువ్వొక్కనివి మార్చుతవా?"

"మార్చలే. తెరిచిన."

"రేపు మా పిల్లలు స్నానాలకు నీళ్ళు లేవంటే నీ ఇంటికి పంపాల్నా?"

"పంపు" అన్నాను. అతను నన్ను కొత్తగా చూశాడు. పదకొండేళ్ళలో అతనికి ఎదురు చెప్పలేదు.

ఏప్రిల్ 23, గురువారం

నల్లా 4-55. మోటారు ముప్పై.

పొద్దున్నే మూర్తి గారు వచ్చారు. చేతిలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల సంచి, షెడ్లకు ఇమ్మని. రాత్రి నిద్ర లేనట్టుంది. "మనమేం కావాలని చేశామా ఏంటండీ? నలుగురూ కలిసి అనుకున్నది. ఏ ఒక్కరి తప్పూ కాదు కదా." చాలాసేపు కుర్చీ చేతులు నిమురుతూ కూర్చున్నారు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆ మినిట్స్ పుస్తకం మీ దగ్గరే ఉందిగా. రేపు ఎవరైనా వచ్చి అడిగితే... ఆ పేజీ ఒకటి తీసేస్తే సరిపోతుంది. మీ సంతకం ఎలాగూ లేదు. మీకేం ఇబ్బంది లేదు" అన్నారు.

మంచి మనిషి. ఆరేళ్ళ క్రితం హుసేన్‌బీ ఆపరేషన్ అప్పుడు తన కారులో తిప్పారు. జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం నాకు బాగా వచ్చిన విద్య.

ఆయన పోయాక ఆ పేజీ తెరిచాను. ఎనిమిది సంతకాల కింద నా పేరు రాసి, సంతకం పెట్టాను. పక్కన ఆ రోజు తేదీ కాదు, ఈ రోజు తేదీ వేశాను. వాల్వు మూసింది నేనేనని కూడా రాశాను.

తొమ్మిది.

హుసేన్‌బీ భుజం మీదుగా చూసింది. "ఇయ్యాల పెడితే ఏమొస్తది?"

తెలీదన్నాను.

ఏప్రిల్ 24, శుక్రవారం

వాల్వు. గంట. బోరు పట్టింది, గాలి రాలేదు.

దవాఖాన. బాలమ్మ కళ్ళు తెరవలేదు. యాదమ్మ నేల మీద గోడకు ఆనుకుని నిద్రపోతోంది, లేపలేదు.

జుమా తర్వాత కరీం సాబ్‌కు నోట్సు ఇచ్చేసి, నేను మాట్లాడను, మీరే చదవండి అన్నాను. జరిగింది చెప్పాను. అంతా. అరగంట పట్టింది. ఆయన నోట్సు మొదటినుంచి చివరిదాకా తిప్పి, "యూనుస్ లేడేంది ఇందుల?"

అవును, లేడు. యూనుస్ ప్రవక్త జాతి మీదికి శిక్ష రాబోయింది, వచ్చేలోపే వాళ్ళు దేవుడి వైపు తిరిగారు, తప్పింది. నాశనం కాలేదు కాబట్టి నా వరుసలో పట్టలేదు. కూలిన ఊళ్ళనే ఏరుకున్నాను నేను, ఒకటొకటిగా, ఇష్టంగా. నిలబడ్డ ఊరు ఒక్కటి ఉంటే దాన్ని వదిలేశాను.

"అంటే ఆలస్యం కాలేదంటరా?" అడిగాను.

"నేనెట్ల జెప్త భాయ్?" నోట్సు తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఆదివారం పదకొండుకు. నువ్వే మాట్లాడాలె. కాయితం అవసరం లేదు నీకు."

ఏప్రిల్ 25, శనివారం

నల్లా 5-00. మోటారు నలభై.

సమూద్ వాళ్ళు కూడా తెల్లారేసరికి పశ్చాత్తాపపడ్డారు. ఆ మాట స్పష్టంగా ఉంది. ఇన్నేళ్ళూ దాని మీదుగా కళ్ళు జారిపోయాయి. పశ్చాత్తాపం లేక కాదు వాళ్ళు పోయింది. యూనుస్ వాళ్ళకూ వీళ్ళకూ తేడా ఎంత? ఒక పూటా? పుస్తకంలో ఆ లెక్క లేదు. వెతికాను.

దవాఖానలో మూర్తి గారు కనిపించారు. వార్డు బయట, మాస్కు పెట్టుకుని, నిలబడి. నన్ను చూసి, "ఊరికే, ఇటుగా వెళ్తూ..." అన్నారు. పేజీ సంగతి అడగలేదు. నేనే చెప్పాను, తీయలేదని, సంతకం పెట్టానని. ఆయన వార్డు తలుపు వైపు చూశారు. "డాక్టరు రేపు చెబుతానన్నాడు" అన్నారు.

ఇద్దరం ఒకే ఆటోలో తిరిగి వచ్చాం.

రేపటి పాఠానికి మొదటి మాట ఒకటే అనుకున్నాను. మా అపార్ట్‌మెంటు గేటు పక్కన ఒక కుళాయి ఉంది.

ఏప్రిల్ 26, ఆదివారం

ఎండ ఇంకా ఎక్కలేదు. కొంచెం గాలి. షెడ్ల రోజు. కుళాయి కింద పాచి గీకి కడిగాను. బిందె ఆనడానికి రెండు ఇటుకలు సర్దాను. వాల్వు తెరిచింది 5-40. ధార బాగుంది.

పైకి వచ్చి కిటికీ దగ్గర కూర్చుని రాస్తున్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది హుసేన్‌బీ. పదకొండుకు చిక్కడపల్లి.

వరుస రాలేదు. నీళ్ళు ఊరికే పోతున్నాయి, ఇటుకల మీదుగా గేటు బయటికి. దిగి మూయాలి. షెడ్ల దగ్గర అందరూ ఒక చోట నిలబడి ఉన్నారు, ఇక్కణ్ణుంచి వీపులే కనిపిస్తున్నాయి.

యాదమ్మ ఇటే వస్తోంది. చేతిలో బిందె లేదు. ఉరకడం లేదు, మెల్లగానూ లేదు. నడక చూసి ఏం చెప్పగలం? గేటు దగ్గర నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడి పైకి చూస్తోంది.

"మస్తానన్నా! జర కిందికి రా."

మొహం కనపడటం లేదు, ఎండ వెనక నుంచి ఉంది. వస్తున్నా అన్నాను. టైము దిగి వచ్చాక వేస్తాను: వాల్వు మూసింది